రాయి కాకముందు

త్రికోటేశ్వరరావు గారు కోటప్పకొండ మీద దర్శనం చేసుకుని, హైదరాబాదు తిరిగి వెళ్తూ నరసరావుపేటలో కారాపించి, ముందొక ఫోనైనా చెయ్యకుండా సలోమి ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

సలోమి ఆయన్ని చూడలేదు. చెప్పుల చప్పుడు విని, తల తిప్పకుండానే అరచెయ్యి వెనక్కి చాపి ఆగమన్నట్టు సైగ చేసింది. ఆ చప్పుడికే కంప్యూటరు తెర మీద గీత ఒకసారి అదిరింది. పక్కన కూర్చున్న అల్ఫియా మాత్రం ఆయన్ని చూసి గబుక్కున లేవబోయి, లేస్తే బల్ల కదులుద్దని సగంలో ఆగిపోయింది. గురువుగారు గుమ్మంలో, శిష్యురాలి చెయ్యి గాల్లో, ఆమె శిష్యురాలు సగం వంగి. గీత చివరిదాకా వచ్చేవరకూ ముగ్గురూ అలాగే ఉండిపోయారు.

"అయ్యో సార్! మీరా!" సలోమి లేచి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"పని ఆపలేదు చూడు. అదీ నా స్టూడెంటంటే," అని నవ్వారాయన. నుదుటి మీద విభూతి చెమటకి కారుతోంది.

ఆ గది మహిళా కళాశాలలో వెనకవైపు చివరిది. పైన ఇంకో అంతస్తు లేదు. శ్లాబు పొద్దుటినుంచే కాగుతుంది. గది మధ్యలో గాలి సగం నింపిన లారీ ట్యూబులు, వాటి మీద ఇద్దరు మనుషులు ఎత్తలేనంత బరువైన నాపరాయి పలక, పలక మీద చిన్న పెట్టెంత మైక్రోస్కోపు. అది కంటితో చూసేది కాదు, సూదితో తడిమేది. చూపులేని మనిషి వేలికొసతో అక్షరాలు తడిమినట్టు, దాని సూదిమొన నీటిబొట్టు అడుగున ఉన్నవాటిని తడిమి, ఎత్తుపల్లాలన్నీ తెర మీద బొమ్మగా గీస్తుంది. దాచేపల్లి వైపునుంచి వచ్చే సిమెంటు లారీ రోడ్డు మీద పోయినా దానికి తెలిసిపోతుంది. ఆ అదురు సూదిదాకా పోకుండా మింగడానికే ట్యూబులూ, పలకా. మైక్రోస్కోపు పాతదే. పోర్చుగల్‌లో మార్గరీద అనే శాస్త్రవేత్త తన ల్యాబుకి కొత్తది వచ్చాక దీన్ని ఇక్కడికి పంపించింది.

త్రికోటేశ్వరరావు గారు స్టూలు మీద కూర్చుని, అల్ఫియా తెచ్చిన మంచినీళ్ళు తాగి, ఫ్యాను వైపు చూశారు. అది తిరగడం లేదు.

"ఇంత వేడిలో ఎట్లా కూర్చుంటున్నారమ్మా?"

"ఏసీ ఉంది సార్. వేస్తే దాని అదురు సూదికి తగులుద్ది. ఫ్యానుకీ అంతే. కొలిచేటప్పుడు అన్నీ ఆపేస్తాం."

ఆయన రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. చెప్పాల్సింది ఎక్కణ్ణుంచి మొదలెట్టాలా అన్నట్టు కాసేపు ఆ పలక అంచు వేలితో రుద్దారు.

"వచ్చే వారం బుధవారం ప్యానెల్ వాళ్ళు వస్తున్నారు," అన్నారు చివరికి.

ఆ మాట కోసం సలోమి ఏడాదిగా ఎదురుచూస్తోంది. ఆ ప్యానెల్ చేతిలో ఉన్నది ఐదు దేశాల సైన్సు శాఖలు తలా కొంత తెచ్చి ఒకే చోట పోసిన ఉమ్మడి నిధి. ఎవరి వాటా వాళ్ళ దేశానికే తిరిగి పోవాలన్న పట్టింపు లేదు. కనీసం మూడు దేశాల వాళ్ళు కలిసి ఒక ప్రశ్న పట్టుకు రావాలి. ఆ ప్రశ్న మందుకో బ్యాటరీకో పనికొచ్చేది కానక్కర్లేదు. నానో స్థాయిలో, అంటే వెంట్రుక మందాన్ని వేల ముక్కలు చేస్తే మిగిలే కొలతలో, ప్రకృతి ఏం చేస్తుందో తెలుసుకునేదైతే చాలు. వీళ్ళు పట్టుకున్న ప్రశ్న పల్నాడులో ప్రతి ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున ఉంటుంది. నీళ్ళలో కరిగిపోయి కంటికి కనపడని సున్నం, తెల్లటి పొలుసుగా, రాయిగా మారే మొట్టమొదటి క్షణంలో ఏం జరుగుతుంది? పోర్చుగల్‌లో మార్గరీద, కొరియాలో హ్యున్, ఇక్కడ త్రికోటేశ్వరరావు గారు, సలోమి. నలుగురి పేర్లతో వెళ్ళిన ఆ ప్రతిపాదన చివరి వడపోత దాకా వచ్చింది.

"మన ఇద్దరి ల్యాబులూ చూస్తామంటున్నారు. నేనొక మాట చెప్తాను, నొచ్చుకోకు." ఆయన గొంతు తగ్గించారు. "హైదరాబాదులో నా ల్యాబు చూసి వెళ్తే ఫరవాలేదు. ఇక్కడికొచ్చి ఈ ట్యూబులు, ఈ పలక, ఈ ఉక్క చూస్తే... మొత్తం ప్రతిపాదన మీదే నమ్మకం పోద్దమ్మా. మార్గరీదకీ హ్యున్‌కీ కూడా నష్టం. వాళ్ళ నియమం ప్రకారం భాగస్వామిని ఎవరూ తీసెయ్యలేరు. తనంతట తాను తప్పుకోవాలి. నువ్వు ఒక మెయిలు పెట్టు. తప్పుకుంటున్నానని."

అల్ఫియా చేతిలో ఖాళీ గ్లాసు అట్లాగే ఉంది.

"నీకేం అన్యాయం జరగనివ్వను. ఇక్కడి బోరునీళ్ళ నమూనాలు నువ్వే పంపుతావు. పేపర్లు వచ్చినప్పుడు కృతజ్ఞతల్లో పేరుంటుంది. ఈ అమ్మాయి హైదరాబాదు వచ్చి నా దగ్గర పని చేసుకోవచ్చు. ఇంతకంటే మంచి మెషీన్ మీద."

ఆయన చెడ్డమనిషైతే సలోమికి తేలికయ్యేది. గురజాల నుంచి వచ్చి క్లాసులో ఇంగ్లీషులో నోరు తెరవడానికి భయపడే రోజుల్లో, తెలుగులోనే అడగమ్మా, ప్రశ్నకి భాషేంది అన్నది ఈయనే.

"ఆలోచించుకుని చెప్తాను సార్," అంది.

ఆయన భుజం తట్టి వెళ్ళిపోయారు. కారు గేటు దాటిన అదురు తెర మీద చిన్న అలలా వచ్చి పోయింది.

*

సాయంత్రం భర్త ఐజాక్ దాచేపల్లి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి సలోమి వంటింటి గడపలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. ఒలిచిన ఆకులు చెత్తలోకీ, కాడలు గిన్నెలోకీ వేస్తోంది. అతను చూసి, చెప్పులు విడిచి, ఎదురుగా కూలబడి, గిన్నె లాక్కుని కాడలు పక్కన పోసి, ఆకుల్ని దాంట్లోకి ఏరసాగాడు. అతను సిమెంటు ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చేసే విభాగంలో పని చేస్తాడు. ఎన్నిసార్లు కడుక్కున్నా గోళ్ళ సందుల్లో బూడిదరంగు పోదు.

"ఏంది, ఇయ్యాల కాడల కూరా?"

ఆమె నవ్వలేదు. జరిగింది చెప్పింది. అతను విన్నంతసేపూ ఆకులు ఏరుతూనే ఉన్నాడు.

"ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమన్నా ఉందా?"

"లేదు. గది కాలిపోతది. ట్యూబులు లారీవే."

"మరి బాధేంది?"

"నన్ను సరుకు పంపే మనిషి కింద జమకట్టేశాడు. నీళ్ళు పట్టి సీసాల్లో పంపటానికా నేను ఇంత చదివింది?"

"మా దగ్గర క్వారీ వాళ్ళని సిమెంటు గురించి ఎవడూ అడగడు. అట్టాగన్నమాట." చేతిలో ఆకు గిన్నెలో వేసి అన్నాడు. "ఒకటి చెప్పు. నువ్వు లేకపోతే వాళ్ళు ఈ పని చెయ్యలేరా?"

"చేస్తారు."

"వాళ్ళు లేకపోతే నువ్వు?"

"చూడగలను. కానీ నేనొక్కదాన్నే చూస్తే ఏం లాభం? నా సూది తప్పు చెప్తందేమో, నా గాజు మురికేమో. ముగ్గురు మూడు చోట్ల చూసి, ముగ్గురికీ ఒకటే కనపడితే అప్పుడు అది ఉన్నట్టు. అందుకే గదా కలిసింది. డబ్బు కోసం ఒక్కటే కాదు."

"అయితే తప్పుకుంటే నష్టం నీ ఒక్కదానికే కాదు. చూసే కళ్ళలో ఒక జత తగ్గుద్ది," అన్నాడు ఐజాక్. గిన్నె ఎత్తుకుని లేచాడు. "పప్పు నేను పెడతా గానీ, నువ్వు ఆ కాడలు పారేసిరా ముందు."

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళేసరికే అల్ఫియా ల్యాబులో ఉంది. అభ్రకం ముక్క మీద టేపు అంటించి, ఊపిరి బిగబట్టి పొర లేపుతోంది. అలా లేపితే కింద మనిషి చెయ్యి ఎన్నడూ తగలని నున్నటి తలం బయటపడుతుంది. దాని మీదే నీటిబొట్టు వేసి చూస్తారు. పొర ఎక్కడా చిరక్కుండా వచ్చింది. టేపుని వెలుతురుకి పట్టి చూసి పక్కన పెట్టి, అప్పుడు నోరు విప్పింది.

"మేడమ్, నేను హైదరాబాదు పోను."

"ఇంట్లో ఒప్పుకోరా?"

"ఒప్పుకుంటారు. మా అమ్మయితే ఈపాటికి పెట్టె సర్దేసిద్ది. అది కాదు. ఈ బల్ల మనం కట్టుకున్నాం. ట్యూబులకి గాలి ఎక్కువై ఒకసారి, తక్కువై ఒకసారి, ఎన్ని నెలలు చచ్చామో మీకు తెలీదా? ఇప్పుడు ఇది మాట వింటంది. దీన్నొదిలి, వేరేవాళ్ళు ఎవరో సర్దిపెట్టిన మెషీన్ మీద చెయ్యేసి కూచోమంటే నావల్ల కాదు. మీరు తప్పుకుంటే మనం చూసిందంతా ఎవరు చూసినట్టు?"

సలోమి వరండాలోకి పోయి ఫోన్ చేసింది. ఎంత పదునుగా చెప్పాలని దారంతా అనుకుందో, ఆయన గొంతు వినగానే అంత మెత్తబడింది. కానీ మాట మారలేదు.

"సార్, నేను మెయిలు పెట్టను."

అవతల ఆయన కుర్చీ జరిపిన చప్పుడైంది.

"వాళ్ళని ఇక్కడికి తీసుకురండి సార్. గది చూసి కాదు, పని చూసి చెప్పమనండి. ఒకే సీసాలోంచి పంచుకున్న ద్రావణం, ఒకే గంటలో, పోర్చుగల్లో, కొరియాలో, ఇక్కడ, మూడు చోట్లా పెట్టి వాళ్ళ కళ్ళముందే చూపిద్దాం. మాది పనికిరాదని వాళ్ళంటే అదే రోజు తప్పుకుంటా."

"నీ పట్టుదల కోసం నలుగురి పనీ పణంగా పెడుతున్నావు సలోమీ."

"మార్గరీదనీ హ్యున్‌నీ కూడా అడుగుతాను సార్. వాళ్ళు వద్దంటే ఈ పరీక్ష పెట్టను."

మార్గరీద ఫోన్లోనే పెద్దగా నవ్వి, తన దగ్గర కలిపిన ద్రావణాన్ని సీసాల్లో పోసి ఇద్దరికీ ఆ పూటే పంపిస్తానంది. హ్యున్ మాట తొందరగా తేల్చే మనిషి కాదు. ఒక రాత్రంతా ఆలోచించుకుని, సరేనని ఒక్క మాట రాశాడు. ఇక త్రికోటేశ్వరరావు గారికి ఒప్పుకోక తప్పలేదు.

*

సీసా వచ్చిన దగ్గర్నుంచీ వాళ్ళకి అచ్చి రాలేదు.

చలికాలమంతా ఆ సూదికి అభ్రకం మీద గట్టి గింజలు తగిలేవి. ముందు ఏమీ ఉండదు. తర్వాత ఒక చుక్క, చూస్తుండగానే అది పలకలు తేలిన చిన్న స్ఫటికం. పోర్చుగల్లోనూ కొరియాలోనూ అంతే. ఆ ద్రావణం చలికాలంతోనే అయిపోయింది, అప్పట్నుంచీ బల్లనీ సూదినీ సరిచూసుకోవడమే. ఇప్పుడు కొత్త సీసా తెరిచి బొట్టు వేస్తే, గింజల చోట అంచుల్లేని మచ్చలు కనపడుతున్నాయి. సూది తాకితే అణుగుతున్నాయి.

"మురికి," అంది సలోమి. అల్ఫియా గాజు భాగాలన్నీ విప్పి కడిగింది. మళ్ళీ మచ్చలే. సూది మార్చారు. మళ్ళీ మచ్చలే. సీసాలో ఏదన్నా కలిసిందేమోనని అనుమానం వచ్చింది గానీ, అదే నిజమైతే మిగతా ఇద్దరికీ కూడా అట్లాగే రావాలి. ఆ సంగతి బుధవారం దాకా తేలేది కాదు. ముందే ఒకరి ఫలితాలు ఒకరికి చెప్పుకోకూడదని వాళ్ళే అనుకున్నారు.

ప్రిన్సిపాల్ బసవయ్య గారు మంగళవారం పొద్దున గోడలకి సున్నం కొట్టిస్తానని మనుషుల్ని వెంటబెట్టుకొచ్చారు. సలోమి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వద్దు సార్. ధూళి రేగుద్ది."

"ఏంది మేడమ్, ఇతర దేశాల వాళ్ళు వస్తంటే గోడలు ఇట్టా పెట్టుకుంటామా? పోనీ నా గదిలో ఏసీ తీయించి ఇక్కడ బిగిస్తా. ఇది చానా పెద్దది."

"పెద్దదైతే ఇంకా ఎక్కువ అదురుద్ది సార్."

ఆయన గోడల వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూసి, "కనీసం మజ్జిగన్నా ఇయ్యొచ్చా వాళ్ళకి?" అన్నారు.

"ఇవ్వండి సార్. గది బయట."

*

బుధవారం భోజనాలయ్యాక ప్యానెల్ వాళ్ళు వచ్చారు. అధ్యక్షురాలు డాక్టర్ వంజీరు, కెన్యా ఆవిడ. పొడగరి, నూలు చీరల్ని ఒకదాని తర్వాత ఒకటి తాకి చూసే మనిషిలా ప్రతిదాన్నీ నెమ్మదిగా చూస్తుంది. ఆవిడతో పాటు నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు. వాళ్ళ వెనక త్రికోటేశ్వరరావు గారు, ఇస్త్రీ చొక్కా అప్పటికే వీపుకి అంటుకుపోయి.

డాక్టర్ వంజీరు వంగి ట్యూబుల్ని చూసింది. వేలితో ఒకదాన్ని నొక్కింది.

"ఇవి లారీవా?"

"అవును. గాలి మేమే సరిచూసుకుంటాం. నెలకోసారి."

పెద్దాయన నుదురు తుడుచుకుంటూ, ఏసీ ఎందుకు ఆపారని అడిగి, జవాబు విని, సరే అన్నట్టు తలూపాడు. త్రికోటేశ్వరరావు గారు నేల చూపులు చూశారు.

గోడకి తగిలించిన తెర మీద ఒకవైపు మార్గరీద ల్యాబు, అక్కడ ఇంకా పొద్దుటిపూట. రెండోవైపు హ్యున్ ల్యాబు, అక్కడ సాయంత్రం పడుతోంది. వాళ్ళ సూదులు గీసే బొమ్మలు కూడా అక్కడే కనపడతాయి. సలోమి తలూపగానే మూడు చోట్లా ఒకేసారి బొట్టు వేశారు.

అల్ఫియా బొట్టు వేసి, పెట్టె మూత దించి, మోకాళ్ళు రెండూ దగ్గరకు పెట్టుకుని కూర్చుంది. అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది, గీత ఆగలేదు.

ముందు కొరియాలో ఒక చుక్క లేచింది. తర్వాత పోర్చుగల్లో. గట్టివి, అంచులున్నవి, చలికాలంలో ఇక్కడ కనపడినలాంటివే. చూస్తుండగా పలకలు తేలాయి.

నరసరావుపేటలో మచ్చలు లేచాయి. గుండ్రంగా, మెత్తగా, అంచులు కరిగినట్టుగా.

సలోమి బల్ల పక్కనున్న సీసా వైపు చూసింది. సీసాలో తప్పు లేదు. తప్పుంటే ఇక్కడే ఉంది.

"కల్తీ జరిగిందేమో," అన్నాడు పెద్దాయన మర్యాదగానే.

త్రికోటేశ్వరరావు గారు ఆమె పక్కకి వంగి, తెలుగులో, పెదవులు కదిలీ కదలకుండా అన్నారు. "మెషీన్ సమస్య అని చెప్పమ్మా. అర్థం చేసుకుంటారు. మిగతా ఇద్దరివీ బాగా వచ్చాయి గదా, ప్రతిపాదన నిలబడుద్ది."

ఒక్క మాట. ఆ మాటంటే అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. సలోమి అల్ఫియా వైపు చూసింది. ఆ పిల్ల తెరనే చూస్తోంది, కళ్ళు చిట్లించి.

"మెషీన్ బాగానే ఉంది," అంది సలోమి ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా. "మూడు రోజులుగా ఇట్లాగే వస్తోంది. అన్నీ కడిగాం, సూది మార్చాం. ఇది ఎందుకు వస్తోందో నాకు తెలియదు. మా వల్ల పొరపాటు జరిగి ఉండొచ్చు. కానీ మాకు కనపడింది ఇదే. వేరేది కనపడిందని చెప్పలేను."

త్రికోటేశ్వరరావు గారు కళ్ళు మూసుకున్నారు.

"మేడమ్!" అల్ఫియా కేక వేసింది. లేవలేదు, చెయ్యి మాత్రం తెర వైపు చాచింది. "చూడండి, ఆ రెండూ!"

పక్కపక్కన ఉన్న రెండు మచ్చలు ఒకదాని వైపు ఒకటి ఒరుగుతున్నాయి. మధ్యలో సన్నటి మెడలాంటిది ఏర్పడింది. మెడ లావెక్కింది. చారు మీద నూనెచుక్కలు కలిసినట్టు, రెండూ కలిసి ఒక్కటే గుండ్రటి బొట్టయింది.

రాళ్ళు అట్లా కలవవు. గింజలు అట్లా కలవవు. ద్రవమైతేనే కలుస్తుంది.

డాక్టర్ వంజీరు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి నడిచింది. తన అడుగుల అదురు తెర మీద పడుతుందని గుర్తొచ్చి సగం దారిలో ఆగి, "ఇంకోసారి," అంది.

అల్ఫియా కొత్త అభ్రకం పొర లేపింది. కొత్త బొట్టు వేసింది. మళ్ళీ మచ్చలే లేచాయి, మళ్ళీ కలిశాయి. కొంతసేపటికి ఆ పెద్ద బొట్టు లోపల్నుంచి ఒక అంచు పొడుచుకొచ్చింది. అప్పుడు మొదలైంది స్ఫటికం.

"రాయి కాకముందు అది నీళ్ళలాగే ఉంది," అని తనలో తను అనుకున్నట్టు అంది సలోమి తెలుగులోనే.

"ద్రావణం ఒకటే," అన్నాడు పెద్దాయన. ఇప్పుడు ఆయన గొంతులో మర్యాద లేదు, ఆత్రం ఉంది. "అభ్రకం ఒకటే రకం. మరి మీ ముగ్గురికీ తేడా ఏమిటి?"

సలోమి ఆలోచిస్తోంది. సూది రకం ఒకటే. బొట్టు పరిమాణం ఒకటే. వెనక స్టూలు చప్పుడైంది. త్రికోటేశ్వరరావు గారు నిలబడి ఉన్నారు. చేతిలో తడిసిన రుమాలు. దాన్నే చూస్తున్నారు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందా అన్నట్టు.

"సలోమీ," అన్నారు. ప్యానెల్ వాళ్ళున్నారని, ఇంగ్లీషులో మాట్లాడాలని, అన్నీ మర్చిపోయారు. "గదిలో వేడి ఎంతుందమ్మా?"

అల్ఫియా గోడ మీది థర్మామీటరు చూసి చెప్పింది. "నలభై దాటింది సార్."

ఆయన గోడ తెర వైపు తిరిగి, ఇంగ్లీషులో అడిగారు. "మార్గరీదా, మీ దగ్గర?"

"ఇరవై రెండు. ఎప్పుడూ ఇరవై రెండే," అందామె. హ్యున్ కూడా అదే అంకె చెప్పాడు. చెప్పి, నోరు మూయడం మర్చిపోయాడు.

హైదరాబాదు ల్యాబు కూడా అంతేనని త్రికోటేశ్వరరావు గారు అన్నారు. ఎక్కడైనా మంచి ల్యాబంటే ఒకటే చల్లదనం. అంతమంది అన్నేళ్ళుగా ఆ చల్లదనంలోనే చూస్తున్నారు.

"మీ ఇద్దరి మెషీన్లకీ బొట్టు కింద వేడిచేసే ఏర్పాటుంది గదా?" అంది సలోమి గోడ తెర దగ్గరికి నాలుగడుగులు వేసి. "మా అంత వేడికి తీసుకురండి. మళ్ళీ బొట్టు వెయ్యండి. మాది పొరపాటైతే మీకు గింజలే వస్తాయి."

హ్యున్ మారుమాట్లాడకుండా లేచాడు. మార్గరీద తన విద్యార్థుల్ని పోర్చుగీసులో ఏదో గదమాయించింది.

వేడెక్కడానికి టైం పడుతుంది. బసవయ్య గారి మజ్జిగ వచ్చింది. వాళ్ళు వరండాలో గోడవార నిలబడి తాగారు. పెద్దాయన కరివేపాకు తీసి పక్కన పెట్టకుండా నమిలేశాడు. డాక్టర్ వంజీరు గ్లాసు చేత్తో పట్టుకుని కిటికీలోంచి ఆ నాపరాయి పలకనే చూస్తోంది.

"మేడమ్, వాళ్ళు బొట్టేశారు," అని అల్ఫియా లోపల్నుంచి పిలిచింది.

ముందు కొరియా తెర. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక మచ్చ. మెత్తటిది. ఇంకొకటి. ఇంకొకటి. హ్యున్ కుర్చీ వెనక్కి తోసేసి నిలబడ్డాడు. పోర్చుగల్లో ఒకేసారి గుంపుగా లేచాయి, ఒకటి పక్కదానితో కలుస్తుంటే మార్గరీద రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. ఆమె వెనక విద్యార్థులు అరుస్తున్నారు. భూమికి ఆ చివరా ఈ చివరా మూడు గదుల్లో ఒకే పని జరుగుతోంది. చుక్కలు చుక్కల్లో కలిసిపోతున్నాయి.

అల్ఫియా ఏడుస్తోంది, నవ్వుతోంది. బల్ల కదుల్తుందన్న భయం కూడా లేకుండా లేచి సలోమిని వాటేసుకుంది. తెర మీద పెద్ద అల లేచింది. ఎవరూ పట్టించుకోలేదు.

"ఒక్క చోటే జరిగితే నేను నమ్మేదాన్ని కాదు," అంది డాక్టర్ వంజీరు. "మీ ముగ్గురికీ మొదట్లోనే ఒకే ఫలితం వచ్చి ఉంటే ఇవాళ నేర్చుకునేది ఏమీ ఉండేది కాదు." తర్వాత సలోమి చెయ్యి పట్టుకుని, "ఈ గదికి ఏసీ పెట్టకండి," అని మొదటిసారి పెద్దగా నవ్వింది.

*

శుక్రవారం అందర్నీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ప్యానెల్ నిర్ణయం చెప్పింది. ఉమ్మడి నిధి వీళ్ళకే. నలుగురి పేర్లూ అలాగే ఉంటాయి. మార్గరీద చప్పట్లు కొడుతుంటే త్రికోటేశ్వరరావు గారు గొంతు సవరించుకుని, ఒక సవరణ ఉందన్నారు. "భారతదేశం వైపు బాధ్యత డాక్టర్ సలోమిది. నేను ఆమె బృందంలో పని చేస్తాను." కాల్ ముగిశాక ఆయన విడిగా ఫోన్ చేశారు.

"ఆ రోజు మెయిలు పెట్టమన్నానమ్మా..."

"వేడి ఎంతని అడిగింది మీరే గదా సార్. నాకు తట్టలేదు."

"నువ్వు మెషీన్ పాడైందని చెప్పి ఉంటే నేను అడిగేవాణ్ణే కాదు," అన్నారాయన. తర్వాత పని మాటల్లో పడ్డారు. ఏ వేడి దగ్గర గింజలు పోయి బొట్లు మొదలవుతాయో మెట్టుమెట్టుగా చూడాలి. ఎవరు ఏ మెట్టు? ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, పూర్వం క్లాసయ్యాక మాట్లాడుకున్నట్టే.

శనివారం బసవయ్య గారు ఎవరు చెప్పినా వినలేదు. కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టించాల్సిందే అన్నారు. ఫ్లెక్సీ షాపు నాని కంప్యూటరు ముందు కూర్చుని సలోమి ఫొటో, అల్ఫియా ఫొటో అటూ ఇటూ పెట్టి, మధ్యలో బొమ్మ చూసి మొహం చిట్లించాడు.

"ఈ మచ్చలేంది మేడమ్? తీసేసి గులాబీలు పెట్టమంటారా?"

"మా ఫొటోలు తీసేసినా ఫరవాలేదు. అవి మాత్రం ఉండాల. ఇంకా పెద్దవి చెయ్యి."

సాయంత్రానికి గేటు పక్కన కరెంటు స్తంభానికీ వేపచెట్టుకీ మధ్య ఫ్లెక్సీ కడుతున్నారు. ఎప్పుడూ నాయకుల పుట్టినరోజులకి కట్టే చోటు. రెండు గుండ్రటి చుక్కలు, మధ్యలో సన్నటి మెడ, మనిషెత్తున. హాస్టలు పిల్లలు గేటు బయటికొచ్చి గుంపుగా నిలబడ్డారు. అల్ఫియా వాళ్ళమ్మ కూడా వచ్చింది, కూతురి ఫొటోని కాక ఆ చుక్కల్నే ఫోన్లో తీస్తోంది.

ఆటో ఏసోబు బండి రోడ్డు పక్కకి ఆపి దిగొచ్చాడు. సలోమి రోజూ ఎక్కేది ఆయన ఆటోనే.

"సలోమమ్మా, ఏందమ్మా ఇది? గుడ్లా?"

"రాయి పుడతంది బాబాయ్. ఇంకా రాయి కాలేదు. అంతకు ముందు ఇట్టా ఉంటది. మనూళ్ళో కనపడింది మొట్టమొదట."

"మనూళ్ళోనా!" ఆయన తలెత్తి చూస్తూ గడ్డం గీరుకున్నాడు. "దీనివల్ల ఉపయోగం ఏందమ్మా?"

"ఇంకా తెలీదు."

"తెలవకుండానే అన్ని దేశాలోళ్ళు డబ్బులేశారా?"

"తెలుసుకోటానికే వేశారు బాబాయ్. అందరూ కలిసి."

ఏసోబు మళ్ళీ తలెత్తి ఆ చుక్కల్ని చూశాడు. అటుగా సిమెంటు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఫ్లెక్సీ కింది అంచు దాని వెనక సగం మునిగి మళ్ళీ తేలింది. ఆయన తువ్వాలు భుజానికేసుకుని స్తంభం దగ్గరికి నడిచాడు.

"ఒరేయ్, అంత కింద కడతారేందిరా!" అని పైకి చూసి కేకేశాడు. "లారీలు అడ్డం వస్తన్నయ్. పైకి గుంజండి. ఇంకా పైకి! మాచర్ల బస్సులో నిలబడ్డోడికి కూడా కనపడాల!"

హాస్టలు పిల్లలు నవ్వుతూ తాళ్ళు అందుకున్నారు. సలోమి చెప్పులు పక్కకి విడిచి, వాళ్ళతో పాటు తనూ తాడు పట్టుకుని లాగింది.